అచ్చుపడిన రచనలును డాక్టరు పట్టమును

డాక్టరు అను మాట చెవిని బడగానే మన పిల్లలకు సూదియు, తలిదండ్రులకు మందుల చీటియు జ్ఞప్తికి వచ్చును. లాటిను భాషలో ఆ మాటకు మొదటి యర్థము బోధకుడు అని. వైద్యులు దానిని ఉపాధ్యాయులయొద్ద నెరువు పుచ్చుకొని తిరిగి యీయలేదని మేము మా వైద్యమిత్రులతో అప్పుడప్పుడు పరిహాసమాడుచుందుము. ఈ వ్యాసమున మేము ప్రస్తావింపబోవునది విశ్వవిద్యాలయములు పరిశోధనకై యిచ్చు డాక్టరు పట్టము. అందును, అభ్యర్థి అంతకుముందే ప్రకటించిన రచనలను బట్టి యిచ్చెడి పట్టము.

"పుస్తకములు వ్రాసి అచ్చు వేయించినవారికి, మరల కళాశాలకు పోకుండనే, ఆ పుస్తకములను బట్టి పి.హెచ్.డి. యిత్తురట, నిజమేనా?" అని పై తరగతుల విద్యార్థులు కొందరును, పెద్దలొకరిద్దరును మమ్ము అడిగియున్నారు. విద్యార్థుల ప్రశ్న కుతూహలము వలన బుట్టినది. పెద్దలలో నొకరి ప్రశ్న మాత్రము అంత తేలికైనది కాదు; వారి సంగతి తరువాత చెప్పుదుము. నిజమే యని మా జవాబు. కాని వినువారు తలచునట్లు కాదు.

సాధారణ మార్గము నెల్లరు నెరుగుదురు. యమ్.ఏ. గాని యమ్.యస్‌సి. గాని ముగించినవాడు విశ్వవిద్యాలయమున పేరు నమోదు చేయించుకొని, ఒక పర్యవేక్షకుని క్రింద మూడు నాలుగేండ్లు, కొందరు అంతకు మించి, ఒక విషయమును శోధించి సిద్ధాంతవ్యాసము వ్రాయును. అన్యవిశ్వవిద్యాలయముల పండితులు దానిని చదువుదురు. పిమ్మట అభ్యర్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని ప్రశ్నింతురు. వారికి తృప్తి కలిగినచో పట్టము లభించును. ఆ వ్యాసము అచ్చుపడుట తరువాతి మాట. పెక్కు వ్యాసములు గ్రంథాలయపు బీరువాలోనే యుండిపోవును. మేము చెప్పబోవు మార్గమున ఈ క్రమము తలక్రిందగును. మొదట రచనలు అచ్చగును. వానిని తెలిసినవారు చదువుదురు, కొందరు ఒప్పుకొందురు, కొందరు ఆక్షేపింతురు. ఏండ్లు గడచిన తరువాత వాని కర్త విశ్వవిద్యాలయమునకు వచ్చి, "నేను చేసిన పని యిది, ఇది డాక్టరు పట్టమునకు తగిన పరిశోధన యగునో కాదో పరీక్షింపుడు" అని యడుగును.

గౌరవ డాక్టరు పట్టమునకును దీనికిని గల భేదమంతయు ఆ "పరీక్షింపుడు" అను మాటలోనే యున్నది. గౌరవపట్టమును విశ్వవిద్యాలయము తానై పిలిచి యిచ్చును. అచ్చట అభ్యర్థి లేడు, పరీక్షకులు లేరు, ప్రశ్నలు లేవు, అది సన్మానము. దానిని పొందినవారు పేరునకు ముందు డాక్టరని వ్రాసికొనకుండుట మర్యాద యని పెక్కు దేశములలో నెంచుదురు. మనలో ఆ మర్యాద అంతగా వాడుకకు రాలేదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి సంగతి చూడుడు. వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, ఆ ప్రాంతపు కొండలలోని సవరల భాషను ఆ జనులనుండియే నేర్చి, దానికి వ్యాకరణమును 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను వెలువరించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. ఎవ్వరును వ్రాసిపెట్టని భాషను విని, విభజించి, సూత్రములు కట్టిన ఆ పని పరీక్షకులముందు నిలిచియుండినచో పరిశోధన పట్టమునకు నిస్సంశయముగా తగియుండెడిదని మా యభిప్రాయము. వారికి వచ్చినది మాత్రము గౌరవపట్టము. (వ్యావహారిక భాషకై యావజ్జీవము పోరాడిన యా మహనీయుని గూర్చి మేము గ్రాంథికమున వ్రాయుట చూచినచో వారు నవ్వుకొనెడివారే. ఏమి చేయుదుము, చేతి యలవాటు.)

చేసిన పనిని బట్టి పట్టమిచ్చుటకు మన దేశమువారెల్ల రెరిగిన దృష్టాంతము శ్రీనివాస రామానుజముగారిది. కుంభకోణములోను మద్రాసులోను ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేకపోయిన యీ యువకుడు 1912లో మద్రాసు పోర్టుట్రస్టున నెలకు 30 రూపాయల గుమాస్తా. 1913 జనవరిలో ఆయన కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు తన సిద్ధాంతములను జతపరచి యుత్తరము వ్రాసెను. 1914 మార్చిలో ఓడ యెక్కెను. పట్టభద్రుడు కాని యీతనిని పరిశోధక విద్యార్థిగా చేర్చుకొనుటకు కేంబ్రిడ్జివారు తమ నిబంధనను సడలించిరి. 1915లో లండను గణితశాస్త్ర సంఘమువారి పత్రికలో ఆయన వ్రాసిన దీర్ఘవ్యాస మొకటి వెలువడెను, 1916 మార్చిలో ఆ పనిని బట్టి ఆయనకు "పరిశోధన ద్వారా బి.ఏ." యను పట్టము లభించెను. ఇంగ్లండులో అప్పటికి పి.హెచ్.డి. యనునది లేదు. దానివంటి పట్టమును ఆక్స్‌ఫర్డు 1917లో ప్రవేశపెట్టెను, కేంబ్రిడ్జి మరి కొలది కాలమునకు అనుసరించెను. రామానుజము పొందిన పట్టమే పిమ్మట పి.హెచ్.డి. యైనదని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆ వ్యాసము ఆయన కేంబ్రిడ్జిలో చేరిన తరువాత అచ్చుపడినది గావున, నేటి లెక్కనుబట్టి యిది సరిగా మనము చెప్పుకొను మార్గము కాదు, దానికి పూర్వరూపము.

ఆ వ్యాసములోని విషయపు మొదటి మెట్టు ఎనిమిదవ తరగతి పిల్లలకు గూడ అందును. 12ను శేషము లేకుండ భాగించు సంఖ్యలు 1, 2, 3, 4, 6, 12 అని ఆరు. 12 కంటె చిన్నదగు ఏ సంఖ్యకును ఆరు భాజకములు లేవు. అట్లే 24కు ఎనిమిది, 36కు తొమ్మిది, 48కి పది, 60కి పండ్రెండు. వీనిలో ప్రతిదియు తనకు ముందున్న సంఖ్యలన్నిటిని మించినది. డజనుకు 12, దినమునకు 24 గంటలు, గంటకు 60 నిమిషములు అని యేర్పరచిన పూర్వులు పంపకమునకు వీలైన సంఖ్యలనే యెన్నుకొనిరి. ఇట్టి సంఖ్యలు ఎచ్చటెచ్చట వచ్చును, వాని నిర్మాణమెట్టిది అని రామానుజము 60 పుటలకు మించి విచారించెను. యుద్ధకాలమున ఆ సంఘమునకు ధనము చాలకపోవుటచే కొంత భాగము అచ్చు కాకుండ నిలిచిపోయెను. అది 1997లో గాని వెలుగు చూడలేదు.

రెండవ దృష్టాంతము మావంటి శిక్షణ కళాశాలలవారికి కొంత ప్రీతి గలిగించునది. లుడ్విగ్ విట్గెన్‌స్టైన్ అను తత్త్వవేత్త మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడుగా నుండియే తర్కశాస్త్ర గ్రంథమొకటి ముగించెను. అది 1921లో జర్మను భాషలోను, 1922లో ఇంగ్లీషు అనువాదముతోను అచ్చుపడెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఆయన వియన్నాలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1920 మొదలు 1926 వరకు ఆస్ట్రియాలోని పల్లెబడులలో పిల్లలకు పాఠములు చెప్పెను. వారి కుపయోగించు చిన్న పదకోశమును గూడ 1926లో ప్రకటించెను. 1929లో కేంబ్రిడ్జికి తిరిగివచ్చి, ఏడెనిమిదేండ్లకు ముందే అచ్చుపడిన ఆ తర్కగ్రంథమునే పి.హెచ్.డి.కి సమర్పించెను. పరీక్షకులు రస్సెల్, మూర్ అను నిద్దరు మహాపండితులు. పరీక్ష ముగియగానే అభ్యర్థియే పరీక్షకుల భుజములు తట్టి, ఇది మీ కర్థము కాదులెండని యోదార్చెనని కథ గలదు. విద్యార్థులు దీని ననుకరింపకుందురు గాక! ఇందు గమనింపదగిన సంగతి వేరొకటి యున్నది. ఆ గ్రంథమునకు ఉపోద్ఘాతము వ్రాసినది రస్సెలే. గ్రంథకర్తకు పూర్వము గురువును ఆయనయే. నేటి నిబంధనలలో అట్టివానిని పరీక్షకుడుగా కూర్చుండనీయరు.

నేడు బ్రిటనులో అనేక విశ్వవిద్యాలయములు ఈ పట్టము నిచ్చుచున్నవి. కాని తలుపు అందరకు తెరచియుండదు. పెక్కుచోట్ల తమ పూర్వవిద్యార్థులకో తమయొద్ద ఉద్యోగము చేయువారికో మాత్రమే ప్రవేశము; కేంబ్రిడ్జి తన పట్టభద్రులకే యిచ్చును. మొదట రచనల పట్టికను, వాని సారమును పంపవలెను. విచారింపదగినంత పని యందున్నదని తోచినగాని విశ్వవిద్యాలయము ముందుకు సాగనీయదు. సాగనిచ్చిన పిమ్మట రచనలతోపాటు ఒక అనుసంధాన వ్యాసమును సమర్పింపవలెను. దాని నిడివి చోటుచోటున మారును; 5,000 మొదలు 15,000 మాటలవరకు అడుగుట సామాన్యము.

కష్టమంతయు ఈ చిన్న వ్యాసములోనే యున్నది. పదునైదేండ్లలో వ్రాసిన ఎనిమిది వ్యాసములు ఎనిమిది సందర్భములకు బుట్టినవి. ఒకటి సభలో చదువుటకు, ఒకటి సంపాదకుడు కోరగా, ఒకటి ఎదిరికి సమాధానముగా. బుట్టెడు పూలున్నంత మాత్రమున దండ యున్నట్లు కాదు. ఈ రచనలన్నిటికి అడుగున నున్న ప్రశ్న యేది? నీకు ముందు దానిని గూర్చి లోకమునకు తెలిసిన దెంత, నీవు కలిపిన దెంత? ఏ పద్ధతిని, ఎందుచేత నవలంబించితివి? నీ మొదటి వ్యాసములోని మాట నీ యారవ వ్యాసమున మారినచో, మారుటకు కారణమేమి? ఇతరులతో గలసి వ్రాసినదైనచో అందు నీ చేతిపని యెంత? ఈ చివరి ప్రశ్నకు సహరచయితల సంతకములతో జవాబు కోరువారు గలరు. ఇవన్నియు చెప్పిన తరువాత మౌఖికపరీక్ష యథాప్రకారము జరుగును.

ఇంకొక చిక్కు తలచినవారు తక్కువ. సాధారణ మార్గమున పరీక్షకులకు లోపము కనబడినచో, ఈ ప్రకరణము దిద్ది తెమ్మని యభ్యర్థిని పంపుదురు. అతడు ఆరు నెలలు కూర్చుండి దిద్ది తెచ్చును. అచ్చుపడిన దానిని దిద్దుటకు వీలు లేదు. పరీక్షకుల కలము అనుసంధాన వ్యాసమును మాత్రమే తాకగలదు. కావున పాత రచనలోని తప్పును దాచుటకు గాని చెరుపుటకు గాని యవకాశము లేక, అభ్యర్థి దానిని తానే యెత్తిచూపి, తరువాత తన కేమి తెలిసినదో చెప్పవలసియుండును. పట్టములేని రోజులలో నిర్లక్ష్యముగా అచ్చువేయించిన పుట యొకటి ఇరువదియేండ్ల తరువాత బల్లమీద తెరువబడును. దీనిని సులభమార్గమనువారు ఈ సంగతి నెరుగరు.

ఏ రచన చెల్లును, ఏది చెల్లదు అని యడుగుదురు. పాఠ్యపుస్తకములు, పరీక్షల గైడులు, తెలిసిన విషయమును తేటగా చెప్పు పత్రికావ్యాసములు సాధారణముగా చెల్లవు. అవి యుపయోగము లేనివని కాదు. మా మిత్రులొకరి వ్యాకరణపు గైడు ఎన్నో ముద్రణలు పొందినది. దానివలన ఉత్తీర్ణులైనవారు మన జిల్లాలో వేలకొలది యుందురు. కాని సంధిసూత్రములు ఆయనకు ముందును ఉన్నవి. పట్టము కోరునది క్రొత్తగా కనుగొన్న సంగతి, లేక పాత సంగతికి క్రొత్త ఋజువు.

జపాను దేశమున ఈ మార్గము మిక్కిలి వాడుకలో నుండెను. అచ్చట దీనిని "రొంబున్ హకసె" యందురు. వ్యాసముచే డాక్టరైనవాడని యర్థము. విశ్వవిద్యాలయమున చదువకుండనే కర్మాగారములలో పనిచేయు శాస్త్రజ్ఞులు తమ పరిశోధన వ్యాసములను ప్రకటించి, వానిని బట్టి పట్టమడుగుచుండిరి. నేడు ఆ వాడుక తగ్గినది. షుజీ నకమురా యను నాయన షికోకు ద్వీపమున తొకుషిమా విశ్వవిద్యాలయమున యమ్.యస్‌సి.కి సమానమగు చదువు ముగించి, 1979లో ఆ ప్రాంతముననే నిచియా యను కంపెనీలో చేరెను. 1988లో కంపెనీవారు ఆయనను ఒక యేడాది అమెరికాలోని ఫ్లారిడా విశ్వవిద్యాలయమునకు పంపిరి. ఆయనకు డాక్టరు పట్టము లేదు, ప్రకటించిన వ్యాసములును లేవు. తోడి పరిశోధకులు తన్ను పండితునిగా గాక యంత్రములు బిగించు పనివానిగా చూచిరని ఆయనయే తరువాత చెప్పియున్నాడు. ఐదు వ్యాసములు ప్రకటించినచో జపానులో పట్టము వచ్చునని యెరిగి, అందుకై ఆయన యొక విషయము నెన్నుకొనెను. గాలియం నైట్రైడు అను పదార్థముపై అప్పుడు పనిచేయువారు బహుకొద్దిమంది. పదిమంది త్రొక్కని చోట వ్యాసములు ప్రకటించుట సులభమని ఆయన లెక్క. నీలపు దీపము తనచేత వెలుగునని అప్పు డనుకొనలేదట.

1989లో జపానుకు మరలి, యంత్రమును విప్పి మరల కట్టి, ఒక వాయువును ప్రక్కనుండియు మరొకదానిని పైనుండియు ప్రసరింపజేయు క్రొత్త యేర్పాటు చేసెను. 1991 నుండి వ్యాసములు వరుసగా వెలువడెను. 1993లో కాంతివంతమైన నీల ఎల్.ఇ.డి. సిద్ధమయ్యెను. 1994లో తొకుషిమా విశ్వవిద్యాలయము ఆయనకు ఇంజనీరింగున డాక్టరు పట్టమిచ్చెను. 2014లో అకసాకి, అమానో అను మరి యిద్దరు జపానువారితో కలిపి ఆయనకు భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము వచ్చెను. నేడు మన తరగతి గదులలో వెలుగు తెల్లని ఎల్.ఇ.డి. దీపమునకు మూలము ఆ నీలకాంతియే. దానిమీద పసుపుకాంతి నిచ్చు పూత పూయుటచే తెలుపు వచ్చును. పట్టముకొరకు ఎన్నుకొన్న ప్రశ్న పట్టముకంటె పెద్దదైనది.

ఈ మార్గమునకు ఆక్షేపణలు లేకపోలేదు. పర్యవేక్షకుని క్రింద పనిచేసినవాడు మొదటి యేడే తన పద్ధతిలోని లోపములను వినును. ఒంటరిగా వ్రాసినవాడు వానిని పదియేండ్లు మోయును. ఈ మాటలో సత్యము గలదు గనుక, యువకులకు మేము సాధారణ మార్గమునే చెప్పుదుము. ఉద్యోగము, సంసారము, దూరపు ఊరు వీనివలన ఆ మూడేండ్లు చిక్కక, చేతి దీపము వెలుతురున పని ముగించిన యేబదియేండ్లవానిని మరల మొదటినుండి రమ్మనుట మాత్రము మాకు న్యాయముగా దోచదు. రెండవ యాక్షేపణ ఇంకను బరువైనది. సొమ్ము చెల్లించిన నేదైన నచ్చొత్తు పత్రికలు నేడు పుట్టగొడుగులవలె మొలచినవి. అచ్చుపడుటయే యోగ్యతకు సాక్ష్యమను రోజులు గడచినవి. అందుచేతనే మంచి విశ్వవిద్యాలయములు రచనల సంఖ్యను చూడక వానిని తెరచి చదువుచున్నవి.

ఇక మన దేశపు మాట. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు 2022లో ప్రకటించిన నిబంధనల ప్రకారము పి.హెచ్.డి.కి కోర్సుతో సహా కనీసము మూడేండ్లు పట్టును. ఉద్యోగము చేయుచునే చదువుటకు వీలున్నది. అంతకుముందు, 2016 నిబంధనలలో, సిద్ధాంతవ్యాసము సమర్పించుటకు మునుపు ఒక వ్యాసమైన అచ్చుపడియుండవలెనను నియమముండెను; 2022లో దానిని తీసివేసిరి. అనగా ఆ నిబంధనలలో అచ్చుపడిన రచన విధిగా ఉండనక్కరలేదు. ఉన్నను అదియొక్కటే చాలదు. ప్రకటిత గ్రంథములను పరీక్షించి యిచ్చు డి.లిట్., డి.యస్‌సి. పట్టములు కొన్ని విశ్వవిద్యాలయములలో గలవు. అవి సాధారణముగా పి.హెచ్.డి.కి పై మెట్టు.

మొదట మేము ప్రస్తావించిన పెద్దలు మా విద్యార్థి యొకని తాతగారు. ఉద్యోగవిరమణకు ముందునుండియు తమ తాలూకాలోని చెరువులు, తూములు, వానిని గూర్చిన శాసనములు, కరవు సంవత్సరములు వెదకుచు ఇరువదియేండ్లు తిరిగి, నాలుగు చిన్న పుస్తకములు సొంత సొమ్ముతో అచ్చు వేయించిరి. వారికొక సంస్థనుండి యుత్తరము వచ్చెను: మీ పుస్తకములే చాలును, రుసుము పంపుడు, నెల దినములలో గౌనుతోను టోపీతోను డాక్టరు పట్టమిత్తుము అని దాని సారాంశము. "మాస్టరుగారూ, పింఛను సొమ్ములోనుండి పంపుదునా?" అని వారడిగిరి. ఆ కాగితమున పరీక్షకుల మాట యెచ్చటను లేదు. పుస్తకములు పంపుమని గూడ అడుగలేదు. మన దేశమున పట్టము లిచ్చుటకు 1956 నాటి చట్టము ప్రకారము శాసనముచే ఏర్పడిన విశ్వవిద్యాలయములకును, అట్టి హోదా పొందిన సంస్థలకును మాత్రమే యధికారము గలదనియు, నకిలీ విశ్వవిద్యాలయముల పట్టికను గ్రాంట్ల సంఘమువారే ప్రకటించుచుందురనియు మేము వారికి చెప్పితిమి.

సొమ్ము పంపలేదు. పుస్తకములను మాత్రము మేము మరల చదివితిమి. మూడవదానిలో తూముల కొలతలు వారు స్వయముగా తాడుపట్టి తీసినవి. మరెచ్చటను అచ్చుపడినట్లు మాకు కనబడలేదు. ఏ శాసనము ఎచ్చట చూచినది, ఏ మాట యెవరు చెప్పగా విన్నది అను వివరము మాత్రము పుటలలో లేదు. అది వారి పాత నోటుపుస్తకములలో నున్నది. ఈ సెలవులలో మనుమడు తొమ్మిదవ తరగతి పిల్లలిద్దరితో గలసి ఆ నోటుపుస్తకములను ప్రక్కన బెట్టుకొని, పుటపుటకు ఆధారములను వ్రాయుచున్నాడు. రెండు పుస్తకములు పూర్తియైనవి. మూడవదానిలో పదునొకండు తూములకు తేదీలు దొరకవలసియున్నవి.